తమ్ముళ్ల కోసం ఆగని ధర్మరాజు, కుక్క కోసం ఎందుకు ఆగాడు?

మహాప్రస్థానిక పర్వంలో ఒక చోటికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ బండి ఆగిపోతుంది. నడుస్తూ నడుస్తూ ముందు ద్రౌపది పడిపోయింది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడలేదు. అదే మనిషి, ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, వెంట వచ్చిన కుక్కని వదిలి ఎక్కనన్నాడు. ఇదేం న్యాయం?

ఈ ప్రశ్నకి నాకు కొంత దారి దొరికింది సైకిల్ తొక్కేటప్పుడు.

మేం ఐదుగురం. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లం. ఊళ్లో ఉన్న ఆదివారాలు కలిసి రైడ్‌కి వెళ్తాం. మాది డెల్టా, వరి చేలు, కాలవలు తప్ప మిట్ట అనేదే కనపడదు. మాకు కొండంటే ఎదురుగాలే. తెనాలిలో బయల్దేరి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కణ్ణించి సూర్యలంక. ఈశాన్య గాలి గట్టిగా ఉన్న రోజున వెళ్లేటప్పుడు అది వీపు తట్టి తోస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి గుండెల మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. పొన్నూరులో అంత పెద్ద ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుంటూ "స్వామీ, మీ నాన్నగారికి కాస్త చెప్పండి" అంటాడు మావాడొకడు.

గాలి లెక్క ఇంజినీరింగ్ చదివినవాళ్లకి తెలిసిందే. గాలి లేని రోజున కూడా, వేగం రెట్టింపు చేయాలంటే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్లు పవర్ కావాలి. కానీ ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా, అతని చాటున తొక్కితే సుమారు పావు వంతు నుంచి మూడో వంతు శ్రమ తగ్గుతుంది. చాటు ఇచ్చినవాడికి దానివల్ల బరువేమీ పెరగదు. అందుకే వంతులు వేసుకుని ముందుకెళ్తాం.

రేపల్లె అన్న మా అందరిలో నెమ్మది. నిడుబ్రోలు దాటాక గాలికి తట్టుకోలేక "మీరు పొండిరా, నేను మెల్లగా వస్తా" అంటాడు. మేం పోము. వేగం తగ్గించి, అన్నని మధ్యలో పెట్టుకుని తెనాలి దాకా తెస్తాం. అతనికి తగ్గించగలిగిన బరువుని, తగ్గించకుండా అతని మీదే వదిలేసి పోవడం నాకైతే వదిలేయడమే అనిపిస్తుంది, అతను పొమ్మన్నా సరే.

శివరాత్రి ప్రభల రద్దీ మొదలవకముందే ఒకసారి నరసరావుపేట దగ్గర కోటప్పకొండకి వెళ్తాం. ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలెట్టగానే అదే అన్న, అదే మాట. "మీరు పొండిరా." అక్కడ మాత్రం మేం వెళ్లిపోతాం. ఎక్కేటప్పుడు వేగం చాలా తక్కువ, చాటు పెద్దగా పనికిరాదు. ఎవడి బరువు వాడే పైకి మోసుకోవాలి. పక్కనే ఉండి "ఇంకొంచెమే అన్నా" అంటుంటే అతని ఊపిరి లయ చెడగొట్టడం తప్ప ఒరిగేదేం లేదు. పైన నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంటాం, అన్న వచ్చాకే దర్శనం. (ఎక్కలేనన్న గొల్లభామ కోసం స్వామే కిందికి దిగి వస్తానన్న కొండ అది. అక్కడ మేం ముందే పైకెక్కి కూర్చోవడం కాస్త విడ్డూరమే!)

ఒకే మనిషి, ఒకే మాట. ఒక చోట ఆగుతాం, ఇంకో చోట వెళ్లిపోతాం. ఇంద్రుడు "తమ్ముళ్లనే వదిలావు, కుక్కని వదలడానికేం?" అన్నప్పుడు ధర్మరాజు చెప్పిన జవాబు కూడా ఇలాంటిదే అని నాకు తోస్తుంది. బతికుండగా వాళ్లని నేను వదల్లేదు, పోయినవాళ్లని బతికించడం నా వల్ల కాదు. ఇది ప్రాణంతో ఉంది, నన్నే నమ్ముకుని వచ్చింది. చావు అనే ఎక్కుడు ఎవరిది వాళ్లదే. కుక్కకి మాత్రం ఆయన ఇంకా చాటు ఇవ్వగలడు.

కానీ ఒకటి నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఒక్కొక్కళ్లూ పడిపోయినప్పుడల్లా భీముడు ఎందుకని అడుగుతాడు. ద్రౌపదికి అర్జునుడంటే పక్షపాతం, సహదేవుడికి తెలివి గర్వం, నకులుడికి అందం గర్వం అని ధర్మరాజు చెప్పుకుంటూ ముందుకెళ్తాడు. కర్మఫలం మనకి బోధించడానికే అని పెద్దలంటారు. నిజమే కావచ్చు. అయినా అన్న కిందెక్కడో రొప్పుతుంటే, మేం పైన కూర్చుని "రాత్రి బిర్యానీ తిన్నాడు, అందుకే" అని లెక్కలు తీస్తే ఎలా ఉంటుంది?

బహుశా వ్యాసుడికీ అది సరిపోలేదేమో, కథ అక్కడ ఆపలేదు. స్వర్గారోహణ పర్వం కూడా చదవండి. విరాటపర్వం నుంచి చివరిదాకా తెలుగు చేసింది తిక్కన గారే కాబట్టి మనకి తెలుగులోనే దొరుకుతుంది. స్వర్గంలో తనవాళ్లెవరూ కనపడక, వాళ్లున్న చోటికి తీసుకెళ్లమంటాడు ధర్మరాజు. దేవదూత చీకటి, దుర్గంధం నిండిన నరకం దారిలో తీసుకెళ్తాడు. భరించలేక వెనక్కి తిరగబోతే చీకట్లోంచి గొంతులు వినపడతాయి. కాసేపు ఉండమంటాయి, నువ్వు రాగానే నీ మీంచి వీచిన గాలి మాకు హాయిగా ఉందంటాయి. ఎవరు మీరు అంటే కర్ణుడు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, ద్రౌపది.

ఈసారి ఎవరి తప్పులూ లెక్కపెట్టలేదు ఆయన. దూతని వెళ్లిపొమ్మని, నా వల్ల వీళ్లకి ఉపశమనంగా ఉంది, నేను ఇక్కడే ఉంటానని చెప్పి, అక్కడే నిలబడిపోయాడు.