పిట్టగోడ లేని ఇల్లు

కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని మోషే ధర్మశాస్త్రం ఆదేశిస్తున్నది (ద్వితీ. 22:8). గోడ లేనందువలన ఎవరైనా పడి మరణిస్తే ఆ రక్తదోషం ఆ ఇంటి మీదనే ఉంటుంది. ఆలోచించండి. ఆ యజమాని ఎవరినీ తోయలేదు. ఎవరికీ కీడు తలపెట్టలేదు. చేయవలసిన చిన్న పనిని చేయలేదు, అంతే. అయినా దేవుడు అతనిని లెక్క అడుగుతున్నాడు.

ఎందుకంటే సొత్తు అనేది హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. పునీత తోమాసు అక్వీనాసుగారు ఈ సంగతిని రెండుగా విడదీసి బోధించారు. సొత్తు సంపాదించుకొనే, చూసుకొనే అధికారం మనిషికి ఉంది. కాని దానిని వాడుకొనే విషయంలో మాత్రం అది తన ఒక్కనిదే అనుకోరాదు. అందరిదిగా ఎంచి, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు మన పల్లె వీధులను చూద్దాం. ఒకరు మెట్లను రెండడుగులు వీధిలోకి జరుపుతారు. మరొకరు మోటారు సైకిలు ఎక్కించడానికి సిమెంటు వాలు పోస్తారు. ఇంకొకరి కంకర కుప్ప ఆరు నెలలైనా కదలదు. ట్రాక్టరు రాత్రంతా మలుపులోనే ఉంటుంది. అడిగితే, "కొంచెమే కదా ఫాదర్!" అంటారు. ఆ కొంచెం కొంచెం కలిసి, నడిచేవారిని వీధి మధ్యకు నెడుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. వారిలో 32 వేలకు పైగా కాలినడకన పోయేవారే.

"పిల్లలను తల్లిదండ్రులు చూసుకోవద్దా?" అని కొందరు అడుగుతారు. చూసుకోవాలి, నిజమే. కాని తెల్లవారకముందే నాట్లకు పోయే తల్లి బిడ్డను ఎక్కడ వదలాలి? 2020 క్రిస్మస్ నాడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఇళ్ల పట్టాల పథకంలో పల్లెలలో ఒక్కో కుటుంబానికి కేటాయించినది సెంటున్నర, అంటే 72 గజాల పైచిలుకు. అందులో ఇల్లు కట్టుకుంటే పెరటికి చోటెక్కడిది? ఆ పట్టా కూడా లేనివారి సంగతి చెప్పనక్కరలేదు. పిల్లలు ఆడుకొనేదీ, ముసలివారు మంచం వేసుకొనేదీ వీధిలోనే. ఇల్లు చాలనివారికి వీధే ఇంటిలో మిగిలిన భాగం. కనుక వీధిని ఆక్రమించినవాడు పంచాయతీ స్థలాన్ని మాత్రమే కాదు, పేదవాని వాకిలిని కూడా తీసుకొంటున్నాడు.

వీధి భద్రత ఒక సమస్య, పేదలకు ఇళ్లు మరొక సమస్య అని మనం అనుకొంటాం. నాకు రెండూ ఒకే ప్రశ్నగా తోస్తున్నాయి: నాకున్న చోటులో నా పొరుగువానికి చోటుందా? ధర పెరుగుతుందని మూడు నాలుగు స్థలాలను ముళ్లకంపకు వదిలినవారు ఉన్నారు. ఊళ్లో కొనలేని కూలివాడు ఊరి చివరకు, దీపం లేని దారికి జరుగుతాడు. 1987లో వాటికన్‌లోని న్యాయశాంతి సంఘం గృహసమస్యపై ఒక పత్రం వెలువరించింది. నిలువ నీడలేని నీ సహోదరునికి నీవేమి చేశావు అన్నదే దాని శీర్షిక భావం. ఇల్లు కేవలం అంగడి సరుకు కాదని శ్రీసభ అందులో స్పష్టం చేసింది. కయీనును దేవుడు అడిగిన ప్రశ్న మనకు గుర్తు రావాలి.

ప్రియ విశ్వాసులారా, ఇది ప్రభుత్వం చేయవలసిన పని అని మనం చేతులు దులుపుకోరాదు. 73వ రాజ్యాంగ సవరణ (1992) పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొన్న 29 అంశాలలో గ్రామీణ గృహనిర్మాణమూ ఉంది, రోడ్లూ ఉన్నాయి. గ్రామసభకు పోయి దీపం అడగండి, బడి దగ్గర వేగం తగ్గించే అడ్డుగట్టు అడగండి, ఇల్లు లేని కుటుంబం పేరు మీరే చెప్పండి. అయితే ముందుగా మీ గడప ముందరి కంకర కుప్పను తీసివేయండి. అడిగేవాని మాటకు అప్పుడే బలం.

దివ్యపూజ ఆరంభంలో మనం తలంపులు, మాటలు, క్రియల వలన చేసిన పాపాలకే కాదు, చేయవలసినది చేయక మానినందుకు కూడా క్షమాపణ కోరుతున్నాం. ఈసారి పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధనలో ఒక్క ప్రశ్న చేర్చుకోండి: నా ఇంటి ముందు ఒక బిడ్డ పడిపోతే, నేను కట్టవలసిన పిట్టగోడ కట్టి ఉన్నానా?