ఆకాశమార్గమున కాయకము

కాయకమున ఎక్కువ తక్కువలు లేవని బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున చాటెను. బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, త్రాళ్లు పేను నులియ చందయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు శరణుల గోష్ఠిలో గొప్ప ఉద్యోగులతో సమానమైన గౌరవమును పొందిరి. వీరిలో చౌడయ్యగారి కాయకమును గూర్చి ఒకింత ఆలోచింపవలసియున్నది. ఉతుకువానికి బట్ట ఎదురు పలుకదు. పేనువానిపై త్రాడు కోపింపదు. పడవవాని చేతిలో నున్నది మనుష్యులు. తొందరపడువాడు, నీటికి భయపడువాడు, త్రాగి వచ్చినవాడు, ధనగర్వము గలవాడు, అందరును ఒకే పడవ నెక్కుదురు. వారిలో ఎవరిని నడుమ దింపుటకు వీలులేదు. అందరిని ఆవలి యొడ్డునకు చేర్చుటయే ఆతని కాయకము.

నేటి కాలమున ఇట్టి కాయకమునే ఆకాశమున నడుపువారు విమానపరిచారికలు, పరిచారకులు. భోజనపు పళ్లెరములు అందించుటయే వీరి పనియని పలువురు తలంతురు. కుమార్తె ఈ యుద్యోగమున చేరెదనన్నచో, "పదిమందికి కాఫీలందించుటకా నిన్ను చదివించినది?" అని నొచ్చుకొను తల్లిదండ్రులు శరణుల కుటుంబములలోను లేకపోలేదు. కాయకతత్త్వమును నోట పలుకుచు, పనిని బట్టి మనుష్యుని తూచుట ఎంతవరకు న్యాయము?

ఈ వృత్తి యెట్లు పుట్టినదో చూడుడు. 1930వ సంవత్సరము మే 15వ తేదీన అమెరికాలో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ విమానమున ఎలెన్ చర్చ్ అను యువతి తొలి విమానపరిచారికగా ప్రయాణము చేసెను. ఆమె నర్సు. ఆమెతోపాటు తొలుత ఎంపికైన వారందరును నర్సులే. భయపడినవారికి ధైర్యము చెప్పుట, జబ్బుపడినవారికి ఉపచారము చేయుట వారికప్పగింపబడిన పని. కావున ఈ వృత్తికి మూలము పళ్లెరము కాదు, ప్రాణరక్షణము.

నేటికిని అదియే ప్రధానము. సాధారణముగా 50 సీట్లకు ఒకరు చొప్పున సిబ్బంది ఉండవలెనను నియమము ప్రయాణికుల రక్షణకై ఏర్పడినది. సగము ద్వారములు మాత్రమే వాడుకొని, నిండు విమానమును 90 సెకన్లలో ఖాళీ చేయవచ్చునని పెద్ద విమానములను నిర్మించువారు నిరూపింపవలెను. విమానము నేలను విడుచునప్పుడు పరిచారిక తన చిన్న ఆసనముపై కదలక కూర్చుండి, "ఇప్పుడే ఆపద వచ్చినచో ఏ ద్వారము తెరువవలెను? ఏమని కేక వేయవలెను? సాయము కావలసిన వృద్ధులెచట నున్నారు?" అని మనస్సులో వరుసగా తలచుకొనును. ఇష్టలింగమును చేతనుంచుకొని దృష్టి నిలుపువారికి ఈ ఏకాగ్రత విలువ తెలియకపోదు. ప్రయాణికుడు కిటికీలో మేఘములను చూచుచుండగా, ఆమె ఆతని ప్రాణమును గూర్చి ధ్యానించుచుండును.

ఇక క్లిష్టుడైన ప్రయాణికుని సంగతి. సంచి పెట్టుటకు పైన చోటు లేదని ఒకడు మండిపడును. ముందువాడు సీటు వెనుకకు వాల్చెనని ఒకడు జగడమాడును. బెల్టు కట్టుకొమ్మన్నచో అవమానముగా భావించువాడొకడు, మరుగుదొడ్డిలో పొగ త్రాగజూచువాడొకడు. మద్యము చేరినచో చెప్పనక్కరలేదు. భారతదేశములో దేశీయ విమానములందు మద్యము పోయరు గాని, ఎక్కుటకు ముందే త్రాగి వచ్చువారిచేతను, విదేశీ మార్గములందు మితిమీరి త్రాగువారిచేతను కలుగు కష్టము అంతింత కాదు. కోవిడ్ కాలమున, 2021లో, అమెరికా విమానయాన శాఖకు ఇట్టి దుష్ప్రవర్తనపై 5,973 నివేదికలు చేరెను. వానిలో అధికభాగము ముఖమునకు మాస్కు ధరింపుమన్నందుకు రేగిన తగవులే.

వీరితో మెలగుటకు పరిచారికలకు శిక్షణ ఇత్తురు. కోపించినవాని యెదుట నిలువబడి క్రిందికి చూచుచు మాటలాడక, ఆతని కన్నులకు సమముగా వంగి మాటలాడవలెను. ఆతని మాటను నడుమ త్రుంపక వినవలెను. చేయలేనిదానిని గూర్చి వాదింపక, చేయగలిగినదానిని చెప్పవలెను. తన మాటకు ఆతడు శాంతింపనిచో, పంతము పట్టక వేరొక సహోద్యోగిని పంపవలెను. కేకల వెనుక ఏమున్నదో కనిపెట్టుట అన్నిటికంటె ముఖ్యము. ఒకనికి విమానమన్న భయము. ఆ భయము కోపమై పైకి వచ్చుచున్నది. మరియొకడు తండ్రి కడచూపునకై పోవుచున్నాడు. ఆలస్యమైన ప్రతి నిమిషము ఆతనిని కాల్చుచున్నది. కారణము తెలిసినచో సగము కోపము కరగును. క్రోధమును దొంగతనముతోను హింసతోను కలిపి విడువవలసిన వానిలో బసవేశ్వరుడేల చేర్చెనో ఇచట బోధపడును. ఎదుటివాని క్రోధమును తాను గూడ అందుకొన్నచో, ముప్పది వేల అడుగుల యెత్తున ఇద్దరకును దిగిపోవుటకు చోటు లేదు.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. ప్రయాణికుని జంగమస్వరూపముగా భావించి సేవింపవలెనన్నచో, ఆతని తిట్లను గూడ ప్రసాదముగా గ్రహింపవలెనా?

గ్రహింపనక్కరలేదు. సేవ ఆతనిలోని చైతన్యమునకే గాని అహంకారమునకు గాదు. దాసోహమునకును దాస్యమునకును గల భేదమిదియే. దాస్యము భయముచే వంగును. దాసోహము ప్రేమచే వంగును. ధర్మము తప్పిన చోట నిటారుగా నిలుచును. అందుచేతనే మంచిమాట పనిచేయనప్పుడు హెచ్చరించుటకును, కెప్టెన్‌కు తెలుపుటకును, కడపట విమానము దిగగానే పోలీసులకు అప్పగించుటకును సిబ్బందికి అధికారము గలదు. భారత పౌరవిమానయాన శాఖ 2017లో ఏర్పరచిన నియమములలో దుర్భాషలకు 3 నెలల వరకు, శారీరక దౌర్జన్యమునకు 6 నెలల వరకు, ప్రాణాపాయము కలిగించు చర్యలకు 2 సంవత్సరములు లేక అంతకు మించి విమానయానమును నిషేధించుటకు వీలు కల్పించిరి.

ఓర్పునకు గూడ వెల గలదు. ఆర్లీ హోక్‌షీల్డ్ అను సమాజశాస్త్రజ్ఞురాలు విమానపరిచారికల పనిని పరిశీలించి, 1983లో ప్రకటించిన గ్రంథమున, లోపల లేని చిరునవ్వును దినమెల్ల ముఖమున నిలుపుట గూడ ఒక శ్రమయేనని వివరించెను. ఒంటి అలసట నిద్రతో తీరును. ఈ అలసట అంత సులభముగా తీరదు. అట్టి కుమార్తె ఇంటికి వచ్చినప్పుడు, "నీకేమి, ఆకాశమున తిరుగుచున్నావు" అను మాట కాక, "ఈ దినము ఎవరైన నిన్ను నొప్పించిరా?" అను మాట తల్లి నోట వెలువడవలెను.

సౌమ్యత, కాఠిన్యము ఒకే హృదయమున ఎట్లుండునో రెండు సంఘటనలు చెప్పును. 1986వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన కరాచీలో పాన్ అమెరికన్ విమానమును సాయుధులు చేజిక్కించుకొన్నప్పుడు, నీర్జా భనోత్ ప్రయాణికులను తప్పించుచు ప్రాణములర్పించెను. ఇరువదిమూడవ జన్మదినమునకు ఇంకను రెండు దినములుండెను. దేశము ఆమెకు మరణానంతరము అశోకచక్రము నిచ్చినది. 2024 జనవరి 2వ తేదీన టోక్యోలోని హనేడా విమానాశ్రయమున జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము మంటలలో చిక్కినది. సంచులు తీయవలదని సిబ్బంది గట్టిగా ఆజ్ఞాపించిరి, ప్రయాణికులు వినిరి. లోనున్న 379 మందియు ప్రాణములతో బయటపడిరి. అంతవరకు మెల్లగా పలికిన కంఠమే ఆ క్షణమున శాసనమైనది. ఆ "వలదు" అను మాటయు సేవయే.

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము ఏరి తెచ్చెను. మనకు చెందనిది మనకేలయని లక్కమ్మ దానిని త్రిప్పి పంపించెను. టిక్కెట్టుతో కొన్నది సీటు, భోజనము, ప్రయాణము. పరిచారిక మానము టిక్కెట్టులో లేదు. దానిని కోరుట మారయ్య తెచ్చిన అదనపు బియ్యము వంటిదే.

కావున శరణబంధువులారా! బిడ్డలను చూచుటకు విదేశములకు పోవునపుడును, కాశీ కేదారములకు విమానమున సాగునపుడును ఈ మాట మరువకుడు. చెప్పకముందే బెల్టు కట్టుకొనుడు. నమస్కరించినవారికి ప్రతినమస్కారము చేయుడు. ప్రక్కవాడు పరిచారికపై అకారణముగా కేకలు వేయుచున్నచో, వినోదము చూడక, ఆమె పక్షమున మృదువుగా ఒక మాట పలుకుడు. మీ యింటి బిడ్డ ఈ కాయకమును కోరినచో, వృత్తిని తూచక ఆమె నిష్ఠను తూచుడు. నొసట విభూతి ధరించినవాడు సాటిమనిషి శ్రమను గౌరవించినప్పుడే ఆ విభూతికి శోభ.