కార్శి లేవకుండా

మాది చోడవరం దగ్గర పల్లె. అప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ, ఊరి చివరున్న మా పేట చివరే ఉండిపోయింది.

డిగ్రీ చదివే రోజుల్లో నాకో పిచ్చి ఉండేది. చెరకు కూలి డబ్బుల్తో పాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కొన్నాను. రోజుకి పది కష్టమైన మాటలు నోటుబుక్కులోకెక్కించి బట్టీ పట్టేవాణ్ణి. క్లాసులో ముందు బెంచీలవాళ్లు నా ఉచ్చారణకి నవ్వేవారు. నవ్వినవాళ్లకి తెలియని మాట ఒకటైనా నా దగ్గరుండాలని పంతం.

ఓ రాత్రి 'అనైహిలేషన్' దగ్గరికొచ్చాను. అంబేడ్కర్ లాహోర్లో చదవాల్సిన ఉపన్యాసం పేరులోని మాట అది. పిలిచినవాళ్లే భయపడి సభ రద్దు చేస్తే, 1936లో ఆయన సొంత ఖర్చుతో అచ్చేయించుకున్నాడు. చెరకు నరికొచ్చి అరుగు మీద నడుం వాల్చిన మా అయ్య అడిగాడు:

"ఏట్రా, అదే మాట వందసార్లు అంటన్నావు. దానర్థం ఏటి?"

"నాశనం చెయ్యడం అయ్యా."

"అంటే? నరికెయ్యడమా?"

"అలాంటిదే."

అయ్య నవ్వేడు. "నరికితే ఏటవుతాది? కార్శి లేస్తాది. దుబ్బు పెళ్లగించాల. అప్పుడుగానీ ఆ చేలో మరోటి ఎయ్యనేవు."

తర్వాత లైబ్రరీలో పెద్ద నిఘంటువు తిరగేశాను. ఆ మాట కడుపులో ఉన్న లాటిన్ మాటకి 'ఏమీ లేకపోవడం' అని అర్థం. మన 'నిర్మూలన'లో ఉన్నది మూలం, అంటే వేరు. అంటే దుబ్బే. నేను బట్టీ పట్టింది సగం అర్థం. సంతకం రాని మా అయ్య చెప్పింది పూర్తి అర్థం.

ఇంత తెలిసీ నేను చేసిన పని చెప్పాలి. ఉద్యోగం వచ్చాక మా పేట పెద్దాయనే ఒకాయన కాగితం పట్టుకొని నా బల్ల ముందుకొచ్చాడు. పక్క సీటువాళ్లు వింటున్నారు. నేను ఆయనతో తెలుగులో ఒక్క ముక్క మాట్లాడలేదు. నోటుబుక్కులో మాటలన్నీ ఆయన మీద కుమ్మరించాను. ఆయన తువ్వాలు చంకలోకి తీసుకొని, నోటికి చెయ్యడ్డం పెట్టుకొని "సిత్తం బాబూ" అన్నాడు. నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి! దొరల ముందు నిలబడ్డట్టు నా ముందు నిలబడ్డాడు. కులం దుబ్బు నాలోనూ ఉంది. కార్శి లేచింది.

అయితే పెద్ద మాటలు మనకి వద్దా? వద్దనేవాళ్ల పిల్లలు ఏ బళ్లో చదువుతున్నారో ముందు అడగండి. ఆ మాటలు అంబేడ్కర్ చేతిలో ఉండబట్టే మన గొడవ ప్రపంచం విన్నది. చెడ్డది మాట కాదు, దాంతో ఎవరి నోరు మూయిస్తున్నామన్నదే లెక్క.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కానీ ఆ మాటకి అర్థం రాజ్యాంగంలోనూ రాయలేదు, 1955 చట్టంలోనూ రాయలేదు. దాని అర్థం మావాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేరే గ్లాసులో టీ తాగినవాడే దానికి నిఘంటువు.

ఇంకో మాట చూడండి, 'అట్రాసిటీ'. కారంచేడు 1985లో, చుండూరు 1991లో. ఆ మధ్య 1989లో వచ్చిన చట్టం పేరులో ఉందా మాట. ఇవాళ బడి ముఖం చూడని ముసలమ్మ కూడా "అట్రాసిటీ కేసు ఎడతాను" అంటుంది. ఆవిడ బట్టీ పట్టలేదు. మాటని పోరాటం పేటలోకి తెచ్చింది, ఆవిడ వాడుకుంది.

ఆ సాయంత్రం పెద్దాయన ఇంటికెళ్లాను. "తప్పయిపోయింది మావా" అన్నాను. కాగితంలో ప్రతి ఇంగ్లీషు మాటకీ అర్థం చెప్పాను. రెండు మాటలకి నాకే సరిగ్గా చెప్పడం రాలేదు.

"తెలక పోతే తెల్దని సెప్పరా గుంటడా, దానికేటి?" అన్నాడు.

ఇప్పటికీ నోటుబుక్కు రాస్తున్నాను. పేటలో ఒకరికైనా తేటగా చెప్పగలిగేదాకా ఏ మాటా నాకొచ్చిందని టిక్కు పెట్టుకోను. టిక్కు లేనివి చాలా ఉన్నాయి.