మన పెట్టెలో నేమున్నది?



గడచిన క్రిస్మసుకు ముందు మా సంఘములోని దంపతులిద్దరు దుబాయిలో ఉద్యోగము చేయుచున్న తమ కుమారుని యొద్ద మూడు వారములు గడుపుటకు సిద్ధపడిరి. మన కోనసీమలో గల్ఫు దేశములకు మనిషిని పంపని వీధి అరుదు. అయితే మనవారు అచ్చటికి పనికి పోవుదురు గాని, సెలవు గడిపి మనుమని నెత్తుకొని వచ్చుటకు పోవుట క్రొత్త సంగతి. ఆయన నలుబది యేండ్లు వరిచేలలో పనిచేసినవాడు. ఆమె రాజమహేంద్రవరము దాటి యెరుగదు.

ప్రార్థన చేసి పంపుటకు మమ్మును పిలిచిరి. మేము వెళ్లునప్పటికి ఆ యింటిలో మోకరించుటకు చోటు లేదు. రెండు పెద్ద పెట్టెలు నోళ్లు తెరచుకొని పడియుండెను. చుట్టును ఆవకాయ సీసాలు, గోంగూర పచ్చడి, ఆత్రేయపురము పూతరేకులు, సున్నుండలు, ఎండు రొయ్యలు, మనుమనికి ఊలు టోపీ. దుబాయిలో ఊలు టోపీ యెందుకని మేమడుగలేదు. వారి టిక్కెట్టు మీద మనిషికి 30 కిలోలు. ఆయన దూలమునకు కాటా వ్రేలాడదీసి ప్రతిదానిని తూచి, పాత కేలండరు వెనుక వ్రాసికొనుచుండెను.

పట్టణములో చదువుచున్న మేనల్లుడు ప్రక్కన కూర్చుండి ఒక్కొక్కటి తీసివేయించుచుండెను. ఎండుకొబ్బరి చిప్పలు బయటికి వచ్చెను. నూనెగల కొబ్బరి తనంతట తాను వేడెక్కి అంటుకొనగలదని విమానములవారు దానిని ప్రమాదకరమైన సరకులలో చేర్చియున్నారు. ఫోనుకు ఛార్జి పెట్టు పవర్ బ్యాంకు పెట్టెలోనుండి చేతిసంచిలోనికి పోయెను. దాని బ్యాటరీ నిప్పంటుకొన్నచో మనుష్యుల కంటి యెదుట నుండవలెనని నియమము. ఆవకాయ సీసా చేతిసంచిలోనుండి పెట్టెలోనికి పోయెను. ఆ తల్లి మాత్రము దానిని చంటిబిడ్డవలె ఒడిలో పెట్టుకొని పోవచ్చుననుకొన్నది.

ఇంతలో పొరుగింటి యామె వచ్చెను. వారును మన సంఘమువారే. ఆమె కుమారుడును ఆ పట్టణములోనే డ్రైవరు. చేతిలో గోధుమరంగు టేపుతో నలువైపుల బిగించి చుట్టిన పొట్లము. "వదినా, మావాడికి ఇది ఇచ్చెయ్యి. సున్నుండలూ, నడుం నొప్పి మాత్రలూను. మీ అబ్బాయి దగ్గరకొచ్చి పట్టుకెళ్తాడు" అని చెప్పి, పొట్లమును పెట్టెలో నుంచి, కన్నులు తుడుచుకొనుచు వెళ్లిపోయెను. ఆ కుమారుడు ఇంటికి వచ్చి నాలుగేండ్లాయెను.

అప్పుడు ఆ పెద్దాయన మావైపు తిరిగి, "విప్పి చూడమంటారా అయ్యగారూ? చూస్తే రేపు ఆవిడ మొహం ఎలా చూస్తాం? చూడకపోతే ఈ కుర్రాడు ఊరుకోడు" అనెను.

మేము ఆలోచింపకయే, "ఇచ్చింది మన సంఘంలో మనిషే కదా, అనుమానం దేనికి? ప్రార్థన చేసుకుని తీసుకెళ్లండి" అంటిమి. అందరును సంతోషించిరి. మేము ప్రార్థించి, కాఫీ త్రాగి, ఇంటికి వచ్చితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన పల్లెలలో ఒక మర్యాద కలదు. వియ్యాలవారు పంపిన సారె బుట్టనైనను తెచ్చినవాని యెదుట విప్పి లెక్కింపము. విప్పి చూచుట వారి మాటను కాదనుట యని మన యెన్నిక. ఇది చిన్న సంగతి కాదు. నమ్మకము మీదనే మన వీధులు నిలిచియున్నవి. చేబదులు పత్రము లేకుండ ఇచ్చుకొనుచున్నాము. తాళపుచెవి పొరుగింట ఇచ్చి పొలము పోవుచున్నాము. ఆ నమ్మకమును చెడగొట్టు సలహా ఇచ్చుటకు మాకు నోరాడలేదు.

అయితే విమానాశ్రయమందు ఒక ప్రశ్న వేయుట కలదు: ఈ పెట్టెలు మీరే సర్దుకొన్నారా, ఇతరులెవరైన మీ చేతికేమైన ఇచ్చిరా అని. విప్పని పొట్లమును పెట్టెలో పెట్టుకొన్న ఆ పెద్దాయన ఏమి చెప్పవలెను? నిజము చెప్పినచో పొట్లమును అక్కడనే పరాయివారు విప్పుదురు. అంతయు మాదే యని చెప్పినచో అబద్ధము. అనగా, పొరుగువారి యెడల మర్యాదను మూడవవానితో అబద్ధమాడి కాపాడుకొమ్మని మేమాయనకు సలహా ఇచ్చితిమి. ప్రార్థనను కూడ దానికి చేర్చితిమి. ఇది మాకు రాత్రి రెండు గంటలకు గాని తోచలేదు.

ఆదికాండములో లాబాను తన గృహదేవతలను వెదకుచు వచ్చిన సంగతి మీరెరుగుదురు. అవి యెవరియొద్ద నుండునో వారు చావవలసినదేయని యాకోబు గట్టిగా పలికెను. రాహేలు వాటిని ఒంటె సామగ్రిలో దాచి వాటిమీద కూర్చున్నదని అతడెరుగడు. అతడు అబద్ధికుడా? కాడు. అయినను ఎరుగని మూటను గూర్చి అంత గట్టిగా నేల పలుకవలెను? ఆ మాట పోయి తన ప్రియభార్య మీదనే పడియుండెడిది. తెలిసికొనుటకు వీలు లేనివాడు తెలియదని చెప్పుట వేరు. ఎదుటనున్న పొట్లమును విప్పనొల్లక తెలియదని చెప్పుట వేరు. మేము ఆ పెద్దాయనను ఈ రెండవ చోట నిలువబెట్టితిమి.

బెన్యామీను గోనెలో వెండిగిన్నె దొరకినప్పుడు అతడు చేసిన తప్పేమి? ఏమియు లేదు. అయినను దాసుడు కావలసివచ్చినది అతనికే. మూట యెవరిదో పట్టుబడువాడు వాడే. దేశముల చట్టములు నేటికిని ఇంచుమించు అట్లే నడచుచున్నవి.

యాకోబు వృద్ధుడైన తరువాత కుమారులను ఐగుప్తునకు పంపునప్పుడు కొంచెము తేనె, సుగంధద్రవ్యములు, బాదము కాయలు కట్టించెను. ఆ భాగము చదువునప్పుడెల్ల మాకు మన తల్లులు సర్దు పెట్టెలు జ్ఞాపకమునకు వచ్చును. మునుపటి ప్రయాణమున గోనెలలో కనబడిన రూకలను, ఎవరో పొరపడి పెట్టియుందురని, తిరిగి ఇచ్చుటకు వారిచేత మోయించెను. కుమారులు యోసేపు ఇంటి వాకిటనే, ఇంకను ఎవరును అడుగకమునుపే, ఆ సంగతి గృహనిర్వాహకునితో చెప్పిరి. అప్పటికి ఆ ముసలి తండ్రి మూటలను గూర్చి కొంత నేర్చుకొన్నాడని మా ఊహ.

తెల్లవారకముందే వెళ్లి మా మాట తప్పని ఆ దంపతులతో చెప్పితిమి. పాస్టరు తన మాటను వెనుకకు తీసికొనుట మా ఊరిలో తరచుగా జరుగు పని కాదు గనుక ఆయన వింతగా చూచెను. విప్పవలసినది మీరు కాదు, కట్టిన చేతులే విప్పవలెను, ఆమెను పిలువుడంటిమి. ఇంటామె పోయి పిలుచుకొని వచ్చి, "వదినా, కోపం తెచ్చుకోకు. ఇందులో ఏముందని అక్కడ అడిగితే నాకు చెప్పడం రావాలి కదా. నువ్వే విప్పి చూపించు" అనెను.

ఆమె ముఖము నల్లబడెను. "నన్ను దొంగననుకున్నారా?" అని, పండ్లతో టేపు కొరికి చింపివేసెను. సున్నుండలు, రెండు బనీనులు, చెల్లెలి ఫోటో. వాటి క్రింద పావుకిలో గసగసాలు, పేరు కనబడకుండ అట్టనుండి కత్తిరించిన మాత్రలు పది.

మేనల్లుడు లేచి నిలుచుండెను. మనము కోడికూరలో నూరి వేసికొను గసగసాలు నల్లమందు మొక్క గింజలు గనుక ఆ దేశములో నిషిద్ధము. మాత్రలు మందుల దుకాణములో ఇచ్చినవట. అవి యేవో మాలో ఎవరికిని తెలియదు. నొప్పి మాత్రలలో ట్రమడాల్ వంటివి కలవు. దానిని మన దేశమే 2018లో మత్తుమందుల చట్టము క్రిందికి తెచ్చెను. అచ్చటికి అట్టివి తీసికొనిపోవుటకు వైద్యుని చీటియు, అక్కడి ప్రభుత్వమువారి అనుమతియు ముందుగా నుండవలెను. లేనిచో అది చెరసాల సంగతి.

ఆ తల్లి హృదయములో ఏ చెడుతనమును లేదు. కొడుకు ఫోనులో ఇంటి కోడికూర తిని ఎన్నాళ్లయిందో అన్నాడట, అంతే. ఆమె గసగసాల పొట్లమును కొంగులో మూటకట్టుకొని గోడ ప్రక్కన చతికిలబడెను. పెట్టెను మరల తూచినప్పుడు కిలో యెక్కువ తూగెను. ఇంటామె తన పట్టుచీరలు రెండు తీసివేసి ఆ సున్నుండలు, బనీనులు, ఫోటో లోపల పెట్టెను.

దేవుడు చూచుకొనడా, ఇంత వెదకులాట యెందుకని తరువాత ఒకరు మమ్మడిగిరి. కన్నులిచ్చినవాడును ఆయనే గదా యంటిమి. కాని అంతకంటె కష్టమైన మాట ఆ పొరుగింటామె అనెను. రెండు ఆదివారములు ఆమె ఆరాధనకు రాలేదు. తన తప్పు లేదని అందరును ఒప్పుకొన్న తరువాతను, పదిమంది ముందు మూట విప్పిన అవమానము పోలేదు. మేము వారి యింటికి వెళ్లి, మొదటి రాత్రి మేము చెప్పినదియు, తరువాత మార్చుకొన్నదియు దాచక చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "మొదట మీరన్న మాటే బాగుంది అయ్యగారూ" అనెను. దానికి మాయొద్ద జవాబు లేకపోయెను.

మూడవ ఆదివారము ఆమె వచ్చి వెనుక చాపమీద కూర్చుండెను. జనవరిలో దంపతులు తిరిగివచ్చిరి. డ్రైవరు కుమారుడు తల్లికి ఖర్జూరములు పంపెను. ఆ పొట్లమునకు టేపు లేదు. తెల్లని నూలుదారము ఒక్క ముడి వేసి కట్టియుండెను.