అద్దానికి వేలాడే జపమాల

అనకాపల్లి,
ఆగమనకాలం మొదటి వారం

చిరంజీవి చిన్నబాబుకు పెద్దమ్మ ఆశీస్సులు. యేసు, మరియమ్మ, జోజప్ప నీకూ కోడలికీ తోడుండాలి.

మొన్న ఫోన్‌లో రెండు సంగతులు అడిగావు. కారు అద్దానికి వేలాడుతున్న జపమాలను చూసి, నీతో పనిచేసే అబ్బాయి "మా ఇంట్లో కట్టే తాయెత్తుకీ దీనికీ తేడా ఏముంది?" అన్నాడని మొదటిది. మీ ప్రార్థన కూటానికి వచ్చే ఒకావిడకు ప్రతి శుక్రవారం మరియమాత కనిపించి మాట్లాడుతుందట, ఆవిడ డబ్బుకు ఇచ్చే నూనె సీసా ఇంట్లో ఉంటే కాన్పు సుఖంగా అవుతుందట, వద్దంటే బిడ్డకు గండమట. తీసుకోనా మాననా అని రెండోది. కోడలికి ఏడో నెల. అందుకని రెండోదానికే ముందు జవాబు చెబుతున్నాను. తీసుకోవద్దు. డబ్బు ఇచ్చేసి ఉంటే పోయిందనుకో.

నూనె చెడ్డదని కాదు నాయనా. మన శ్రీసభలో నూనెకు ఎంత గౌరవమో నీకు తెలుసు. పవిత్రవారంలో బిషప్ గారు గురువులందరి మధ్య నిలబడి తైలాలను ఆశీర్వదిస్తారు. జ్ఞానస్నానంలో, భద్రమైన అభ్యంగనంలో, రోగుల అభ్యంగనంలో వాడేవి ఆ తైలాలే. నీ నుదుటి మీద అది పడినరోజు నేను పక్కనే ఉన్నాను. దానికి ఎవరూ వెల కట్టలేదు, వద్దంటే గండమని ఎవరూ బెదిరించలేదు. అపోస్తలుల కార్యాలు 8వ అధ్యాయం తీసి చూడు. సమరియాలో సీమోను అనే గారడీవాడు డబ్బు తెచ్చి, పవిత్రాత్మ వరాన్ని తనకూ అమ్మమంటాడు. పేతురు ఎంత తీవ్రంగా గద్దించాడో చదువు. దేవుడి దయకు ధర పెట్టడాన్ని శ్రీసభ ఆనాటి నుంచీ పాపంగానే చూస్తోంది.

ఆవిడ అబద్ధమాడుతోందని నేననడం లేదు. ఆవిడకు ఏం కనిపించిందో దేవుడికి తెలుసు. కానీ "వద్దంటే గండం" అన్న ముక్క మరియతల్లి మాట కాదని చెప్పడానికి నాకు ఏ విచారణా అక్కర్లేదు. కిందటిసారి బిడ్డ దక్కనప్పటి దుఃఖం మీ ఇద్దరిలో ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సంగతి కూటంలో అందరికీ తెలుసు. అలాంటి తల్లి కడుపును చూపించి భయపెట్టి సీసా చేతిలో పెట్టడం భక్తి అనిపించుకోదు. ఇంకొకటి కూడా విను. కిందటిసారి జరిగింది మీరు ఏదో నూనె రాయనందుకు జరగలేదు. ఏదో జపం తప్పినందుకూ కాదు. ఈ మాట కోడలికి నువ్వే చెప్పాలి, ఒకసారి కాదు, ఆమె మనసుకు పట్టేదాకా చెప్పాలి.

దర్శనాల సంగతిలో మన శ్రీసభ ఏం చెబుతుందో ఉపదేశం తరగతిలో నీకు సరిగా చెప్పలేదనుకుంటాను. దేవుడు మనకు చెప్పదలచిందంతా తన కుమారుడిలో చెప్పేశాడు. అపోస్తలులతో ఆ ప్రకటన ముగిసింది. దానికి కొత్తగా కలపవలసిందీ దిద్దవలసిందీ లేదు. తరవాత వచ్చే దర్శనాలు, ప్రైవేటుగా ఒకరికో ఇద్దరికో కలిగేవి, ఆ సువిశేషాన్ని ఒక కాలంలో మరింత గట్టిగా బతకడానికి సాయం చేయవచ్చు. అంతవరకే. కతోలిక సత్యోపదేశ గ్రంథం 67వ పేరాలో ఇది స్పష్టంగా ఉంది. శ్రీసభ ఒప్పుకున్న దర్శనాన్ని సైతం విశ్వాస సంగ్రహాన్ని నమ్మినట్టు నమ్మి తీరాలన్న కట్టడి లేదు. లూర్దు దర్శనాలను మనసుకు ఎక్కించుకోలేని కతోలికుడు కూడా కతోలికుడే. ఇది విని నువ్వు ఆశ్చర్యపోతావు. నాకు లూర్దుమాత అంటే ప్రాణం, అయినా చెబుతున్నాను.

ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11 నుంచి జూలై 16 దాకా బెర్నదెత్‌కు మరియతల్లి దర్శనాలు పద్దెనిమిది కలిగాయి. పద్నాలుగేళ్ళ పిల్ల, మిల్లు పోగొట్టుకుని చితికిపోయిన ఇల్లు. బిషప్ గారు విచారణ సంఘాన్ని వేసి, 1862 జనవరి దాకా పరిశీలించి గాని నమ్మదగినవని ప్రకటించలేదు. ఆలోగా జనం డబ్బు ఇవ్వబోతే ఆ పిల్ల ముట్టలేదు, ఇంట్లోవాళ్ళనూ ముట్టనివ్వలేదు. అంత పేదరికంలో! అక్కడ స్వస్థతలను పరిశీలించే వైద్యుల కార్యాలయం ఒకటి ఉంది. బాగయ్యామని చెప్పినవాళ్ళు ఏడు వేలకు పైనే, శ్రీసభ అద్భుతాలుగా ఒప్పుకున్నవి డెబ్బై చిల్లర. ఈ లెక్క చూసి కొందరు నిరాశపడతారు. నాకైతే ధైర్యం కలుగుతుంది, మన తల్లి పేరుతో ఎవరు ఏమన్నా తలూపే శ్రీసభ కాదు మనది.

ఇంకొకరి సంగతి చెప్పాలి. కోడలి మెడలో ఉన్న బిళ్ళ కథ ఇదే. పారిస్‌లో 1830లో కేథరిన్ లబూరే అనే యువ కన్యకకు మరియతల్లి కనిపించి, అలాంటి బిళ్ళ చేయించమంది. కేథరిన్ ఆ సంగతి తన పాపసంకీర్తన గురువుకు మాత్రమే చెప్పింది. ఆయన ఆర్చిబిషప్ గారికి చెప్పారు. 1832లో మొదటి బిళ్ళలు తయారయ్యాయి, లోకమంతా పాకాయి. చూసిందెవరో మాత్రం ఎవరికీ తెలియదు. కేథరిన్ నలభై ఏళ్ళకు పైగా ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు వండి పెట్టింది, బట్టలు చూసింది, కోళ్ళను మేపింది. పక్క గదిలో ఉన్న సిస్టర్లకు కూడా తెలియదు. 1876లో, తాను పోయే ఏడాదిలో, తన పెద్ద సిస్టర్‌తో చెప్పింది. ప్రతి శుక్రవారం కబురు వచ్చిందని వీడియో పెట్టే మనుషులను చూసినప్పుడు నాకు కేథరిన్ గుర్తుకొస్తుంది. నిజంగా చూసినవాళ్ళకు చూశామని చాటుకోవాలన్న తొందర ఉండదనిపిస్తుంది.

అంత దూరం వద్దు, మన దేశంలోనే చూడు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్ళే రైలులో మదర్ తెరెసాకు పిలుపు వినిపించింది, నిరుపేదల దగ్గరికి వెళ్ళమని. ఆవిడ వెంటనే మఠం గడప దాటేసిందా? లేదు. తన ఆత్మగురువుకు చెప్పింది. కలకత్తా ఆర్చిబిషప్ పెరియర్ గారు ఆగమన్నారు, పరీక్షించారు. ఆవిడ ఆగింది. అనుమతి వచ్చాక 1948 ఆగస్టులో తెల్లచీర కట్టుకుని బయటికొచ్చింది. తనకు వినిపించిన మాటల గురించి లోకానికి చెప్పనే లేదు, రాసిన ఉత్తరాలను తగలబెట్టేయమని కూడా కోరింది. కేథరిన్ చేయించిన ఆ బిళ్ళనే జేబుల్లో నింపుకుని కనిపించినవాళ్ళందరికీ ఉచితంగా పంచింది. తరవాత ఏళ్ళ తరబడి ఆవిడ ప్రార్థనలో చీకటే తప్ప ఏ స్వరమూ లేదు. అయినా పొద్దున్నే లేచి పూజకు వెళ్ళింది, కుష్ఠురోగుల పుళ్ళు కడిగింది. రైల్లో విన్న మాట దేవుడిదేనని నాకు నమ్మకం కలిగించింది ఆ చీకటి ఏళ్ళ సేవే.

ఇక మన విజయవాడలోని గుణదల. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని కొండ ఎక్కావు. అక్కడ ఏ దర్శనంతోనూ కథ మొదలవలేదు, తెలుసా? అనాథ శరణాలయం నడిపే ఇటలీ గురువు ఫాదర్ ఆర్లాటి 1924లో లూర్దుమాత స్వరూపాన్ని ఆ కొండ మీద నిలబెట్టారు. అంతే. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు, హిందువులూ వస్తారు. ఇదంతా మూఢభక్తి అని ముఖం చిట్లించే చదువుకున్న కతోలికులు నాకు తెలుసు. వాళ్ళతో నేను ఏకీభవించను. బిడ్డ బతికిందని తల వెంట్రుకలిచ్చే తల్లి కృతజ్ఞతను దేవుడు పుచ్చుకోకుండా ఉంటాడా? దర్శనం లేని కొండ మీద ఇంత ప్రార్థన పుట్టడమే నాకు గొప్పగా తోస్తుంది. గన్నవరం పక్కన పెద్దఅవుటపల్లిలో దైవసేవకుడు బ్రదర్ జోసెఫ్ తంబి ఉన్నారు కదా. క్రీస్తు గాయాలు ఆయన ఒంటి మీద కనిపించాయని చెప్పుకుంటారు. 1945 జనవరి 15న పోయారు. జనం ఇప్పటికీ సమాధి దగ్గరికి వెళ్ళి ప్రార్థిస్తారు. శ్రీసభ మాత్రం ఆయన్ను ఇంకా పునీతుడని ప్రకటించలేదు, ఆయన జీవితాన్ని పరిశీలిస్తోంది. జనం వెళ్ళడమూ సరైనదే, శ్రీసభ నిదానమూ సరైనదే.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్న. దానికి కోపం తెచ్చుకోకు, మంచి ప్రశ్న. వాళ్ళింటి తాయెత్తును తక్కువ చేసి మాట్లాడకు. నీ జపమాల సంగతి నువ్వు చూసుకో. మీ పెదనాన్న బెల్లం మార్కెట్లో గుమస్తాగా చేసినన్నాళ్ళూ జపమాల చొక్కా జేబులోనే ఉండేది. దిమ్మలు తూకం వేసేటప్పుడు కాసేపు ఆగాల్సి వస్తే చెయ్యి జేబులోకి వెళ్ళేది. పూసలకు బెల్లం జిడ్డు పట్టి నల్లబడ్డాయి. ఆయన ఆ పూసలు తన్ను కాపాడతాయనుకోలేదు. ఒక్కో పూస మీద ఒక్కో మంగళవార్త జపం చెప్పి, పది పూసలకొకటిగా యేసు జీవితంలోని ఘట్టాలను తలుచుకునేవాడు. తూకంలో మోసం చేయమని ఒక షావుకారు ఒత్తిడి చేసినప్పుడు ఆ కొలువు వదిలేసి ఇంటికొచ్చాడు. చేతిలో రోజూ జపమాల తిప్పే మనిషి తప్పుడు తూకం వేయలేడని నాకప్పుడు అర్థమైంది.

తేడా అక్కడే ఉంది నాయనా. ఒంటి మీద ఉంటే చాలు, నీతో పనిలేకుండా అదే చూసుకుంటుందని నమ్మి ఏది పెట్టుకున్నా, అది జపమాలైనా సరే, నిన్ను నిద్రపుచ్చుతుంది. ఆశీర్వదించిన వస్తువు నిన్ను నిద్ర లేపాలి. కార్మెల్ మాత ఉత్తరీయం వేసుకుంటే ఆమె బిడ్డలా బతకాలి. తీర్థజలం వేలితో తాకితే నీ జ్ఞానస్నానం గుర్తుకు రావాలి. దివ్యసంస్కారాలు ఇచ్చే కృపను ఈ వస్తువులు వాటంతటవి ఇవ్వవు, శ్రీసభ ప్రార్థన వల్ల ఆ కృపకు మన మనసును సిద్ధం చేస్తాయి. రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ యేసు అంగీ అంచును తాకింది. పౌలు ఒంటిని తాకిన గుడ్డలను ఎఫెసులో రోగుల దగ్గరికి తీసుకుపోయారు. కాబట్టి వస్తువును తక్కువ చేయకు. అదే బైబిల్లో మోషే దేవుడి ఆజ్ఞ మీదే చేయించిన కంచు సర్పం కూడా ఉంది. పాము కాటు తిన్నవాళ్ళు దాన్ని చూసి బతికారు. వందల ఏళ్ళ తరవాత జనం దానికే ధూపం వేయడం మొదలుపెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. దేవుడే ఇప్పించిన వస్తువుకు కూడా ఆ గతి పట్టింది! మనవాళ్ళు మోషే కథనూ హిజ్కియా కథనూ కలిపి చదవరు.

అందుకని జపమాలను అద్దం మీద నుంచి తీసి చేతిలోకి తీసుకో. యాభైమూడు మంగళవార్తలూ ఒక్కరోజులో కుదరకపోతే ఒక్క పది చెప్పు, కోడలి పక్కన కూర్చుని చెప్పు. ఆమె చెప్పలేనంత అలసిపోతే నువ్వే చెప్పు, ఆమె వింటుంది.

ఇలా ఇంట్లోనే భక్తిగా బతకడం కొత్త మాట కాదు. మన విశాఖ ప్రాంతానికి 1846లో వచ్చిన గురువులు అన్నెసీ నుంచి వచ్చారు, పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరున్న సభవాళ్ళు. ఆయన ఇల్లూ వాకిలీ ఉన్న ఒక గృహిణికి ఉత్తరాలు రాసి భక్తి నేర్పారు. అవే 1609లో పుస్తకమయ్యాయి. దర్శనాలూ పరవశాలూ కోరుకోవద్దని, ఓర్పూ దీనత్వమూ దయా మన చేతికందే పనులని ఆ పుస్తకంలో నచ్చజెబుతారు. తెలుగులో దొరికితే నీచేత చదివించాలని ఎన్నాళ్ళనుంచో నా కోరిక.

ఆ సీసా ఇంట్లో ఉంటే మీ విచారణ (పారిష్) గురువుల చేతికిచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆవిడ మీద పితూరీలా చెప్పకు. 2024 మేలో రోము నుంచి కొత్త నియమాలు వచ్చాయి. ఇలాంటివి ఎక్కడ మొదలైనా బిషప్ గారు పరిశీలించి, రోముతో సంప్రదించి గాని తేల్చరు. ఎంత మంచి ఫలం కనిపించినా మామూలుగా "భక్తికి అడ్డం లేదు" అని మాత్రమే అంటారు. కూటంలో జరిగేది నిజమో కాదో తేల్చే పని నీది కాదు, వాళ్ళది.

విచారణ గుడిలోనే ఫాదర్ గారిని అడిగితే కడుపుతో ఉన్న తల్లులకు శ్రీసభలో ఉన్న ఆశీర్వాద ప్రార్థన కోడలి మీద చేస్తారు. దానికి రుసుము లేదు. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు ఒక్కపూట కూడా ఆపవద్దు. ఆ కూటంలో ఎవరైనా మందుల కన్నా నూనె గొప్పదంటే, వైద్యుణ్ణి గౌరవించమని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతోందని చెప్పి లేచి వచ్చెయ్యి.

డిసెంబరు 8న మరియమాత ఉత్సవానికి విశాఖలోని రాస్ హిల్ ఎక్కాలని కోడలు ముచ్చట పడుతోందట. ఈసారి కొండ వద్దని చెప్పు. ఆ రోజు ఉత్సవానికి జనం తోపులాట ఎక్కువ. మీ విచారణ గుడిలోనే పూజ చూసుకోండి. కాన్పుకు ముందు నెల నేను వచ్చి ఉంటాను. సున్నిపిండి, పాత మెత్తని చీరలు తీసి ఉంచాను. వచ్చేటప్పుడు ఇంకేమైనా తేవాలంటే ఫోన్ చెయ్యండి.

మీ పెద్దమ్మ