కంకరధూళి - కాయకధర్మము

శ్రమను పూజగా ఎంచవలెనని బసవేశ్వరుడును ఆయనతోడి శరణులును పన్నెండవ శతాబ్దిలో బోధించిరి. చెప్పులు కుట్టువాడు, తాడు పేనువాడు, పడవ నడుపువాడు, బట్టలుతుకువాడు అనుభవమంటపములో సమానులుగా కూర్చుండిరి. ఈ బోధను వినుచు వచ్చిన సమాజము తనను తాను అంతగా అడుగుకొనని ప్రశ్న యొకటి కలదు. పని పూజయే అయినచో, ఆ పని చేయువాని దేహమును పనియే తినివేయుచున్నప్పుడు దోషమెవరిది? పని చేసినవానిదా, చేయించుకొన్నవానిదా?

ఈ ప్రశ్నకు రైలుమార్గముకంటె తగిన ఉదాహరణము దొరకుట కష్టము. పట్టాల క్రింద స్లీపర్లు, వాని క్రింద కంకర. బండి బరువును నేలకు సమముగా పంచునది, వాననీటిని నిలువనీయక దింపునది ఆ కంకరయే. పూర్వము ఆడవారు, మగవారు క్వారీలలో కూర్చుండి సుత్తెలతో రాయి కొట్టెడివారు. నేడు క్రషర్లు కొట్టుచున్నవి. ఎవరు కొట్టినను రాయి పగిలినచోట ధూళి పుట్టక మానదు. ఎండిన కంకరను వ్యాగనులనుండి దింపునపుడు, మట్టిపట్టిన పాత కంకరను త్రవ్వి జల్లెడపట్టు యంత్రము నడచునపుడు, సొరంగములో రాయి తొలచునపుడు ఆ ధూళి మేఘమువలె లేచును. ఇంజనుచక్రములు పట్టాలపై జారకుండుటకై డబ్బాలలో పోయు ఎండు ఇసుక కూడ ఈ జాతిదే. బహిరంగ మార్గముపై గాలి ధూళిని చాలవరకు చెదరగొట్టును. కావున పలుగు పట్టిన ప్రతి గ్యాంగుమనుకు జబ్బు తప్పదని భయపెట్టుట సత్యము కాదు. అపాయమంతయు కొన్ని పనులలో, కొన్ని చోట్లలో, కొందరి నెత్తిన గుమిగూడియున్నది.

రాయిని బట్టియు అపాయము మారును. తెలుగునేలపై విస్తారముగా దొరకు గ్రానైటులో సుమారు నాలుగవవంతు పలుగురాయి, అనగా స్ఫటికరూపమైన సిలికా, ఉండును. దక్కను పీఠభూమి పడమటిభాగమందలి నల్లని బసాల్టులో అది చాల స్వల్పము. రెండును కంకర పేరనే వ్యాగనులకెక్కును. ధర నిర్ణయించువారికి రెంటి బలమును గూర్చి చింత కలదు. పీల్చువాని ఊపిరికి రెంటిమధ్య గల భేదము ఆ లెక్కలోనికి రాదు.

కంటికి కనబడు ధూళి అంత శత్రువు కాదు. అది ముక్కులోను గొంతులోను చిక్కుకొని కఫముతో వెలికి వచ్చును. మనుష్యుని వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. అందులో పదునైదవవంతు కూడ లేని సూక్ష్మరేణువులే ఊపిరితిత్తుల అడుగునకు చేరును. దేహమును కాపాడు కణములు వానిని మ్రింగి, జీర్ణించుకొనలేక, తామే చచ్చును. ఆ చోట మచ్చ కట్టును. మచ్చపై మచ్చ పేరుకొని మెత్తని ఊపిరితిత్తి గట్టిపడును. ఇదియే సిలికోసిస్. ధూళి మిక్కుటమైనచోట కొలది నెలలలోనే ముంచుకొనివచ్చును గాని సాధారణముగ పది యేండ్లకో ఇరువది యేండ్లకో బయటపడును. పని మానినను ఆగదు. దీనిని మాన్పు మందు నేటికిని లేదు. దీనివెంట క్షయ సులభముగా చేరును. స్ఫటిక సిలికా క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లో నిర్ధారించినది. పనిదినమంతటి సగటున ఘనమీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించరాదని అమెరికా ప్రభుత్వము 2016లో హద్దు విధించినది. ఆ లెక్కన ఒక దినమున కార్మికుడు పీల్చదగినది సుమారు అర మిల్లీగ్రాము. చిటికెడు ఉప్పులో నూరవవంతైనను కాదు.

దోషము ఇంత సూక్ష్మమై, ఫలము ఇంత ఆలస్యమైనందుననే ధర్మవిచారము కఠినమగుచున్నది. చేయి తెగినచో నెత్తురు సాక్ష్యము చెప్పును. ఊపిరి తరిగినవాడు ఆ క్వారీ విడిచి, ఆ మేస్త్రీని మరచి, తన ఊరి అరుగుపై దగ్గుచు కూర్చుండునప్పటికి సాక్ష్యము చెప్పువారెవ్వరును ఉండరు. పొగత్రాగినాడని, వయసు మీరినదని, చివరకు కర్మమని లోకము సరిపెట్టుకొనును. కర్మ యను మాట ఇచ్చట ఎవరికి ఉపకరించుచున్నదో గమనింపదగినది.

తెలియక జరిగినదనుటకు వీలులేదు. 1556లో వెలువడిన గనుల గ్రంథములోనే జర్మను పండితుడు అగ్రికోలా, కార్పేతియను కొండలలో గనిధూళికి భర్తలను పోగొట్టుకొని ఒకరి తరువాత ఒకరుగా ఏడుగురిని పెండ్లాడిన స్త్రీలు గలరని వ్రాసెను. తొలచు కడ్డీగుండా నీటిని పంపి ధూళిని పుట్టినచోటనే అణచు డ్రిల్లులు పందొమ్మిదవ శతాబ్ది ముగియకమునుపే అమెరికాలో వెలసినవి. అయినను ఆ దేశమందే, పశ్చిమ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్‌వద్ద, 1930లో జలవిద్యుత్తుకై సొరంగము తొలచునపుడు పొడిగానే తొలచిరి. అది రైలుసొరంగము కాదు. కాని రాయికి ఆ భేదము తెలియదు. ఆ రాయిలో సిలికా అత్యధికము. కార్మికులలో అధికసంఖ్యాకులు దక్షిణ రాష్ట్రములనుండి పనికై వలసవచ్చిన నల్లజాతివారు. 1936లో ఆ దేశపు కాంగ్రెసు ఉపసంఘము విచారించినప్పుడు మృతులు 476 మందియని తేలెను. 1986లో ఒక వైద్యుడు జరిపిన పరిశోధనలో ఆ సంఖ్య 764గా అంచనాకు వచ్చెను. తనిఖీకి వచ్చిన పెద్దలు ముసుగులు ధరించి లోనికి పోయిరని, కూలీలకవి ఇయ్యలేదని సాక్ష్యములు కలవు. ముసుగు తెచ్చుకొన్నవానికి అపాయమును గూర్చి తెలియదనుట ఎట్లు?

ఆనాడు ముసుగు ఇయ్యకపోవుట పాపమైనది. నేడు ముసుగు ఇచ్చి ఊరకుండుట అంతకు కొంచెమే తక్కువ. ఈ మాట వింతగా తోచవచ్చును. కాని వేసవిలో, కడపవైపు ఎండలో, కంకర పారతో ఎత్తుచున్న గ్యాంగుమను ముక్కుకు బిగుతుగా పట్టు ముసుగు ధరించి ఎంతసేపు పనిచేయగలడు? బండి రాకను కనిపెట్టి తోటివారిని హెచ్చరించువాడు ఈల ఊదవలెను. ముసుగు ఉన్న నోట ఈల ఊదుటెట్లు? దుమ్ములో మునిగినవాడు బండికి దొరకిపోకుండుటకు అరపులే ఆధారము. గడ్డము పెరిగినచో ముసుగు అంచు చర్మమునకు అంటదు. మూతికి చుట్టుకొన్న తువ్వాలు సూక్ష్మరేణువులను ఆపదు, ఆపునన్న భ్రమను మాత్రము కలిగించును. అన్నిటికిమించి, ముసుగుతో భారమంతయు పని చేయువానిపై పడును. వాడు ధరించలేదు కావున తప్పు వానిదేయని వ్రాసికొనుటకు అది చక్కని సాధనము.

నీటికి అట్టి గుణము లేదు. కంకరను వ్యాగనుకెక్కించుటకు ముందే తడిపినను, క్రషరు నోటివద్ద సన్నని జల్లు పెట్టినను, రాయి మోయు బెల్టును కప్పివేసినను, యంత్రము నడుపువానికి మూసిన గది అమర్చినను, ధూళి మనుష్యుని చేరకమునుపే ఆగును. దానికి డబ్బు, ఏర్పాటు, పర్యవేక్షణ కావలెను. అనగా భారము చేయించువానిపై పడును. ముసుగు వలదని కాదు. నీరు అందనిచోట సరియైన ముసుగు అవసరమే. మొదట ఏది, తరువాత ఏది యనునదే ప్రశ్న.

ఇక క్వారీ కూలీ రైల్వే ఉద్యోగి కాడు. రైల్వే కంకరను ఘనమీటర్ల లెక్కన కొనును. కంట్రాక్టరు క్రషరుయజమానికి చెల్లించును. యజమాని మేస్త్రీకి చెల్లించును. బిల్లులో రాయి మాత్రమే కనబడును, ధూళి కనబడదు. సిలికోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ప్రకటింపదగిన వ్యాధుల పట్టికలో చేర్చినది. కాని హాజరుపట్టీలో పేరు లేనివాని వ్యాధిని ఎవరు ఎవరికి ప్రకటింతురు?

ఆయ్దక్కి మారయ్య కథ వినని శరణకుటుంబముండదు. రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినప్పుడు ఆయన భార్య లక్కమ్మ దానిని ఇంటిలోనికి రానీయలేదు. అధికమైనదానిని ఎచ్చటినుండి తెచ్చెనో అచ్చటనే పోసిరమ్మని పంపినది. ఈ కథను కార్మికుని ఆశకు హద్దుగా చెప్పుట వాడుక. దానిని చేయించువానివైపునకు త్రిప్పి చదువుట అరుదు. దినకూలికి యజమాని కొన్నది దినము పని. దానితోపాటు వాని ఊపిరిలో కొంతభాగము కూడ ఇంటికి వచ్చుచున్నచో, అది ఆనాటి బియ్యములోని అధికభాగమే. బియ్యమును తిరిగి పోయవచ్చును. దీనిని పోయుటకు వీలులేదు.

లింగాయత కుటుంబములలో గ్యాంగులో పనిచేయువాడును, క్రషరు నడుపువాడును, కంట్రాక్టు తీసికొనువాడును ఉండవచ్చును. మఠములో దాసోహమునాడు ఒకే పంక్తిలో కూర్చుండువారే వారు. వీరిలో క్రషరుయజమాని చేయదగినది ముందు నీటిగొట్టము. తరువాత ఏటేట ఛాతీకి ఎక్స్‌రే తీయించుట. తీసిన పటమును ఆఫీసు బీరువాలో పెట్టక, దానిలో ఏమున్నదో పని చేయువానికి వాని భాషలో చెప్పించి వాని చేతికిచ్చుట. మచ్చ కనబడినవానిని కూలి తగ్గింపకయే ధూళిలేని పనికి మార్చుట. కూలి తగ్గుననిన భయమున్నంతకాలము దగ్గును దాచుకొననివాడు ఏ క్వారీలోను ఉండడు.