ఆ తల్లికి ఇచ్చిన గడువు

వాక్య పఠనం: రోమా 8:15–25, నిర్గమకాండము 2:1–10

దత్తతలను చూసే కేంద్ర సంస్థ కారాలో పేరు నమోదు చేసుకున్న మాలాంటివాళ్లకు నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. తీరా బిడ్డ ఫొటో, ఆరోగ్య నివేదిక చేతికి వచ్చాక మాత్రం 48 గంటల్లో ఆ బిడ్డను రిజర్వ్ చేసుకోవాలి. ఆ 48 గంటలు ఎప్పుడు మొదలవుతాయో ఎవరూ చెప్పలేరు.

నా చదువు మధ్యయుగాల ఐరోపా చరిత్ర. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఏటా జూలైలో మధ్యయుగ అధ్యయనాల మహాసభ జరుగుతుంది. అందులో పేపరు చదవాలంటే ముందటి ఏడాది వానాకాలంలోనే ప్రతిపాదన పంపాలి. అమెరికాలోని కలమజూలో మే నెలలో జరిగే సభకూ దాదాపు అంతే. వచ్చే వేసవికి మా ఇంట్లో ఉయ్యాల ఊగుతుందో లేదో తెలియకుండానే సంగ్రహం రాసి, మావారూ నేనూ కలిసి ప్రార్థన చేసి పంపిస్తాం. "దేశాలు తిరగడం ఎందుకమ్మా, ఇంటిపట్టున ఉండి ప్రభువు కోసం కనిపెట్టుకో" అంటారు సంఘంలో పెద్దమ్మలు. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కానీ చేస్తున్న పని ఆపేసి కూర్చుంటేనే కనిపెట్టడం అవుతుందని నేను నమ్మను. ఎలా కనిపెట్టాలో దేవుడు నాకు నేర్పింది ఆ పనిలోనే.

ఫ్లారెన్స్‌లో పట్టు వర్తకుల సంఘం కన్నవాళ్లు వదిలేసిన పసిబిడ్డల కోసం ఇన్నోచెంతి అనే ఆశ్రమం కట్టించింది. దాని రూపశిల్పి బ్రునెలెస్కి. 1445 ఫిబ్రవరి 5న అక్కడికి మొదటి బిడ్డ చేరింది, ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగాతా పండుగ కావడంతో పాపకు అగాతా అని పేరు పెట్టారు. ఆ తర్వాత వచ్చిన పిల్లల వివరాలు కూడా పుస్తకాలకెక్కాయి: ఏ రోజు వచ్చారు, ఒంటిమీద ఏ బట్ట ఉంది, వెంట ఏ గుర్తు వచ్చింది. తర్వాతి కాలాల్లో కొందరు తల్లులు ఒక పతకాన్ని రెండుగా విరిచి, సగం బిడ్డతో పంపి, సగం తమ దగ్గరే దాచుకున్నారు. ఏదో ఒకనాడు రెండు ముక్కలూ జతచేసి, ఈ బిడ్డ నాది అని చెప్పుకోవాలని వాళ్ల ఆశ.

ఆ సగం పతకాల గురించి చదివాక నా ప్రార్థన మునుపటిలా సాగలేదు. "ప్రభువా, త్వరగా" అనే మాట గొంతులోనే ఆగిపోయింది. మన చట్టం ప్రకారం, బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించిన కన్నవాళ్లకు మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. అది దాటేదాకా ఆ బిడ్డను ఎవరికీ దత్తత ఇవ్వరు. ఆలస్యమవుతోందని మేం మూలుగుతున్న కాలంలో ఆ 60 రోజులూ ఉన్నాయి. త్వరగా అంటే ఎవరి గడువు తగ్గించమని అడుగుతున్నాను? ఆ తల్లి 59వ రోజున పరుగెత్తుకుంటూ వచ్చి బిడ్డను తీసుకుపోతే, పరలోకంలో సంతోషమే. మాకు కన్నీళ్లు వస్తాయి, రానివ్వండి.

మాలాంటివాళ్లకు అందరూ బిడ్డ కోసం కన్నీళ్లతో ప్రార్థించిన హన్నా కథే చెబుతారు. ఈ మధ్య నేను మోషే తల్లిని ఎక్కువగా ధ్యానిస్తున్నాను. నిర్గమకాండం రెండో అధ్యాయంలో ఆమె పేరైనా లేదు. జమ్ముపెట్టెకు జిగటమన్ను, కీలు పూసిన ఆ చేతుల సంగతి మాత్రం ఉంది. కన్నతల్లి ఎవరో, పెంచిన తల్లి ఎవరో వాక్యం దాచలేదు. ఒకరి కోసం మరొకరిని చెరిపేయలేదు. మా ఇంటికి వచ్చే బిడ్డకు కూడా మేం ఏదీ దాచం.

మన దేశంలో చాలాకాలం క్రైస్తవులకు 1890 నాటి చట్టం కింద సంరక్షకత్వమే దక్కేది. ఎంత ముద్దుగా పెంచినా చట్టం దృష్టిలో తల్లిదండ్రులు కారు. బిడ్డకు వారసత్వమూ రాదు. జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చాకే ఆ అడ్డు తొలగింది. రోమా ఎనిమిదో అధ్యాయం చదివినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. దేవుడు మనకు సంరక్షకుడిగా ఉండి ఊరుకోలేదు, తండ్రి అయ్యాడు, మనల్ని వారసుల్ని చేశాడు. అయినా పదిహేనో వచనంలో దత్తపుత్రాత్మను పొందినవాళ్లే ఇరవైమూడో వచనంలో ఇంకా దత్తపుత్రత్వం కోసం కనిపెడుతున్నారు. అంటే మూలుగుతూ ఎదురుచూస్తున్నవాళ్లు ఆయన ఇంట్లో పిల్లలే. లీడ్స్‌లో ఉన్నా, ఇంట్లో ఉన్నా, ఫోను మోగినా, మోగకపోయినా, నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని.

ప్రార్థన: తండ్రీ, ఈ రోజు ఎక్కడో బిడ్డను అప్పగించి నిద్రపట్టక నలిగిపోతున్న తల్లిని జ్ఞాపకం చేసుకో. బిడ్డను పెంచుకోవాలని ఆమెకు మనసుంటే దారి చూపించు, తోడు నిలిచే మనుషుల్ని ఇవ్వు. శిశుగృహాల్లో పసివాళ్లను ఎత్తుకునే ఆయమ్మల చేతులకు బలమివ్వు. మా ఫైలు చూసే సోషల్ వర్కర్‌కు ఓపిక ఇవ్వు. మా బిడ్డ ఇప్పటికే పుట్టి ఉంటే, ఈ రాత్రి ఆకలితో పడుకోనివ్వకు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమెన్.